బకాసురుడు ఇంటికొచ్చిన రోజు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకు వినబడుతుందా? ఫ్యాను కింద కూర్చున్న పిల్లలు కొంచెం ముందుకు రండి, లేకపోతే పది నిమిషాల్లో నిద్రపోతారు. (నవ్వులు)

పది రోజుల కింద నాకు ఫోన్ వచ్చింది. "మేడం, పిల్లలకు పనికొచ్చే పుస్తకం ఏదైనా ఒకటి తీసుకొని అరగంట మాట్లాడండి" అన్నారు. నేను 'క్యాచింగ్ ఫైర్' అన్నాను. సుజాన్ కాలిన్స్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన 'ది హంగర్ గేమ్స్' వరుసలో రెండో నవల, 2009లో వచ్చింది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "మొదటిది వదిలేసి రెండోదెందుకు మేడం?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఈ అరగంటా దానికి జవాబే అనుకోండి.

ముందే ఒక మాట. కథ మొత్తం చెప్పేస్తాను. చివరి పేజీ కూడా చెప్పేస్తాను. సస్పెన్స్ పోతుందని టెన్షన్ పడేవాళ్ళు ఇప్పుడే బయటికి వెళ్ళి చాయ్ తాగి రావచ్చు. (నవ్వులు) ఎవరూ లేవలేదు కాబట్టి మొదలుపెడతాను.

మన పిల్లలకు ఈ కథ చెప్పాలంటే నేను ఏకచక్రపురం నుంచి మొదలుపెడతాను. ఊరి బయట బకాసురుడు. రోజుకో ఇంటి నుంచి బండెడు అన్నం, దాంతోపాటు ఒక మనిషి పోవాలి. ఊరంతా ఒప్పుకున్న ఏర్పాటు అది. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఏడుస్తారు, మిగతావాళ్ళు తలుపులు వేసుకుంటారు. కాలిన్స్ తన కథకు మూలం గ్రీకు పురాణంలో ఉందని చెప్పుకుంది. అక్కడ కూడా ఇలాగే, ఏథెన్స్ వాళ్ళు తమ పిల్లలను క్రీట్ దీవికి పంపితే, చిక్కుదారుల కోటలో ఉన్న ఎద్దు తల రాక్షసుడు వాళ్ళను తినేస్తాడు. ఏ దేశంలో చూసినా ఈ కథ ఉంది. ఎక్కడైనా తినేవాడు ఒక్కడే, వంతులు వేసుకునేవాళ్ళు మాత్రం ఊరందరు.

ఆమె కథలో పేనెం అని ఒక దేశం. పేనెం అంటే లాటిన్‌లో రొట్టె. రొట్టె పెట్టి, ఆటలు చూపించి జనాన్ని అణిచి ఉంచొచ్చు అనే పాత రోమన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. నడుమ క్యాపిటల్ అనే నగరం, చుట్టూ 12 జిల్లాలు. ఎప్పుడో తిరుగుబాటు చేసినందుకు శిక్షగా ప్రతి జిల్లా నుంచి ఏటా ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, 12 నుంచి 18 ఏళ్ళ లోపు వాళ్ళు, చీటీ తీసి ఆటకు పోవాలి. ఒకరినొకరు చంపుకోవాలి. చివరికి ఒక్కరే మిగలాలి. అదంతా టీవీలో వస్తుంది, చూడక తప్పదు.

ఇందులో నాకు అన్నిటికంటే ఎక్కువగా తగిలింది ఆ చంపుకోవడం కాదు, చీటీ లెక్క. ఇంట్లో తిండి లేకపోతే ఏడాదికి సరిపడా కొంచెం గింజలు, నూనె ఇస్తారు. బదులుగా చీటీల డబ్బాలో నీ పేరు ఇంకోసారి వేయాలి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు వేసుకోవచ్చు. అంటే ఆకలి ఎక్కువున్న ఇంటి పిల్లల పేర్లే డబ్బాలో ఎక్కువుంటాయి. కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్ళు వచ్చేసరికి ఆమె పేరు 20 సార్లు పడింది. ఆమె స్నేహితుడు గేల్ పేరు 42 సార్లు. రేషన్ కార్డు పట్టుకొని లైన్లో నిలబడ్డ ఇంటి పిల్లలకు ఈ లెక్కను ఇంగ్లీషులో వివరించాల్సిన పని లేదు.

మొదటి నవలలో కాట్నిస్ చెల్లెలి బదులు తానే ఆటకు పోతుంది. చివరికి తాను, తన జిల్లా అబ్బాయి పీటా ఇద్దరే మిగులుతారు. ఒకరిని ఒకరు చంపుకోమంటే, ఇద్దరూ విషపు పళ్ళు నోటి దాకా తెచ్చుకుంటారు. గెలిచినవాడే లేకపోతే ఆట ఏం ఆట? నిర్వాహకులు కంగారుపడి ఇద్దరూ గెలిచారు అని ప్రకటిస్తారు. అక్కడికి మొదటి పుస్తకం అయిపోయింది.

మహాభారతంలో భీముడు బండెడు అన్నం తానే తిని, బకుణ్ణి చంపి వచ్చాడు. ఊరికి పీడ విరగడైంది. ఇక్కడ కాట్నిస్ ఎవరినీ విరగడ చేయలేదు. బతికి వచ్చింది, అంతే. బకాసురుడు అలాగే ఉన్నాడు. మరి వాడి చేతిలోంచి తప్పించుకొని ఒక ఆడపిల్ల ఇంటికి చేరితే, ఆ తర్వాత వాడు ఎవరింటికి వస్తాడు?

రెండో నవల మొదట్లోనే వాడు ఇంటికొస్తాడు. దేశాధ్యక్షుడు స్నో. కాట్నిస్‌కు కొత్తగా ఇచ్చిన మంచి ఇంట్లో, చదువుకునే గదిలో కూర్చొని ఉంటాడు. ఒంటి మీద గులాబీ వాసన, దాని కింద నెత్తురు వాసన. కోపంగా మాట్లాడడు. నువ్వు ఆ పళ్ళు చేతిలోకి తీసుకున్నది ఆ అబ్బాయి మీద ప్రేమతోనే అని జిల్లాలన్నిటినీ నమ్మించు, లేకపోతే నీవాళ్ళు మిగలరు అంటాడు. మా ఎనిమిదో తరగతి పిల్లలకు రోజూ చివరి పీరియడ్‌లో ఈ కథ కొంచెం కొంచెం చెప్పేదాన్ని. ఈ సన్నివేశం దగ్గర ఒక పిల్లవాడు, "దొర ఇంటికొచ్చి కుర్చీ వేసుకొని కూసున్నడంటే అయిపోయినట్టే మేడం" అన్నాడు. వాడు దొరను చూడలేదు, వాళ్ళ నాన్నా చూసి ఉండడు. ఆ వాక్యం ఆ ఇంట్లో ఎన్ని తరాల నుంచి ఉందో!

తర్వాత విజయయాత్ర. గెలిచిన ఇద్దరినీ జిల్లా జిల్లాకు తిప్పుతారు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులను వేదిక ముందర నిలబెట్టి, బతికొచ్చిన పిల్లల చేత ఉపన్యాసం ఇప్పిస్తారు. పదకొండో జిల్లా వ్యవసాయం చేసే జిల్లా. రూ అనే పన్నెండేళ్ళ అమ్మాయి అక్కడిదే, ఆటలో కాట్నిస్ ఒళ్ళో ప్రాణం విడిచింది. కాట్నిస్ ఆ అమ్మాయి గురించి నాలుగు మాటలు మాట్లాడుతుంది. అప్పుడు గుంపులోంచి ఒక ముసలాయన ఈల వేస్తాడు. నాలుగు స్వరాల చిన్న రాగం. తోటల్లో పొద్దుగూకినప్పుడు, ఇక పని చాలు అని కూలీలకు చెప్పడానికి రూ పాడే రాగం అది. గుంపంతా మూడు వేళ్ళు పెదాలకు తాకించి పైకెత్తుతారు. వెంటనే సిపాయిలు ఆ ముసలాయనను మెట్ల మీదికి లాక్కొచ్చి తలలో కాలుస్తారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. నేను ఈ పుస్తకం గురించి మాట్లాడ్డానికి ఒప్పుకున్నదే ఈ రెండు పేజీల కోసం.

ఆ మూడు వేళ్ళ గుర్తు కాట్నిస్ కనిపెట్టింది కాదు. వాళ్ళ జిల్లాలో చావు దగ్గర, వీడ్కోలు దగ్గర చేసే పాత పద్ధతి. ఆ రాగమూ ఆమెది కాదు, రూది. రూ కూడా దాన్ని పని దిగే వేళకే వాడుకుంది. ఎవరూ దాన్ని తిరుగుబాటు కోసం తయారు చేయలేదు. జనం దగ్గర ముందే ఉన్నదాన్ని జనమే తీసి ఇంకో పనికి వాడుకున్నారు. ఇది మన జిల్లావాళ్ళకు కొత్తగా అనిపించదు. తెలంగాణ పోరాట కవి సుద్దాల హనుమంతు గారు చేసింది ఏమిటి? గొల్ల సుద్దులు అంతకు ముందు నుంచీ ఊళ్ళల్లో ఉన్న కళే. ఆ దరువు, ఆ వేషం జనానికి తెలిసినవే. అదే దరువులో వెట్టి సంగతి చెబితే కొత్తగా ఎవరికీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

ఇంకొక సంగతి. ఈల వేసినవాడు చనిపోయాడు. ఆయన పేరు కూడా కాట్నిస్‌కు తెలియదు. ఆ చావు చూసిన జనం మాత్రం మునుపటి జనం కాదు. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది కానీ అప్పుడు మన నల్లగొండ జిల్లానే. గుత్పలు, వడిసెలలు పట్టుకున్న ఊళ్ళు తుపాకుల దాకా పోయి, ఆ తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబర్ వరకు సాగింది. ఆ రోజు పొద్దున ఊరేగింపులో నడుస్తున్న కొమరయ్యకు తన పేరుతో ఇంత జరుగుతుందని తెలియదు కదా.

అయితే పోలికను ఎక్కువ లాగను, లాగితే తెగుతుంది. కడవెండిలో నిప్పురవ్వ పడేనాటికే కట్టెలు పేర్చి ఉన్నాయి. 1944 భువనగిరి సభ నాటి నుంచి ఆంధ్ర మహాసభ ఊరూరా పాకింది, జనం దాన్ని సంఘం అని పిలుచుకున్నారు. పాలకుర్తి ఐలమ్మ పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా ఆమె ఇంటికి చేర్చింది సంఘం. 'క్యాచింగ్ ఫైర్' చదువుతుంటే మన ప్రాంతం పాఠకులకు సగం దాకా ఒకటే అనుమానం పీకుతుంది. ఇంతకీ సంఘం ఎక్కడ? ఒక అమ్మాయి పళ్ళు చేతిలో పట్టుకుంటే దేశం లేస్తుందా? నాకూ అదే విసుగు వచ్చింది. పుస్తకం పక్కన పెట్టేయబోయాను కూడా. దీనికి జవాబు చివర్లో ఉంది, వస్తాను.

నవలలో అందరికీ గుర్తుండే ఘట్టం ఇంకొకటి ఉంది, క్యాపిటల్‌లో విందు. బల్లల నిండా తిండి. కడుపు నిండిపోయిందని కాట్నిస్, పీటా ఆగిపోతే, పక్కనున్నవాళ్ళు ఒక గ్లాసు చూపిస్తారు. అది తాగితే వాంతి అవుతుంది, అప్పుడు మళ్ళీ తినొచ్చు. అందరూ చేస్తారు, లేకపోతే ఇవన్నీ ఎలా తింటాం అంటారు. ఇది చెప్పినప్పుడు మా క్లాసులో ఎవరూ నవ్వలేదు. గట్క, అంబలి తాగి పెరిగిన మా అమ్మకు చెబితే, "థూ, అన్నం మీద అట్ల చేస్తరా ఎవరన్న" అని లేచి వెళ్ళిపోయింది.

ఇక ఈ నవలకు నడుమ ఎముక లాంటి మలుపు. ఆటలు మొదలై 75 ఏళ్ళు. ప్రతి 25 ఏళ్ళకు ఒకసారి ప్రత్యేకమైన ఆట పెడతారు. మొదటిసారి, ఏ పిల్లలు పోవాలో జిల్లా జనమే ఓటేసి తేల్చాలన్నారు. రెండోసారి, రెట్టింపు పిల్లల్ని పంపమన్నారు. ఇప్పుడు మూడోసారి స్నో కవరు తెరిచి చదువుతాడు. ఈసారి ఇదివరకు గెలిచినవాళ్ళలోంచే చీటీ తీస్తారట! గెలిస్తే జీవితాంతం ఆట నుంచి విముక్తి అని ఇచ్చిన మాట ఏమైంది? ఏమీ కాలేదు. ఆ మాట ఇచ్చినవాడే వెనక్కి తీసుకున్నాడు. పన్నెండో జిల్లాలో గెలిచి బతికున్న ఆడమనిషి కాట్నిస్ ఒక్కతే. చీటీ తీయడం కూడా నాటకమే.

మా క్లాసులో ఒక అమ్మాయి లేచి, "గెలిచినోళ్ళను మళ్ళ ఎట్ల పంపుతరు మేడం, అది తొండి కాదా" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

మాది పాలమూరు. మీలో చాలామందికి పాలమూరు లేబర్ అన్న మాట తెలుసు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా మావాళ్ళు కనిపించేవాళ్ళు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు అప్పులకో, పెళ్ళికో పోతుంది. తర్వాత భార్యాభర్తలు మూట కట్టుకొని పోతారు. పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలేస్తారు. నేను అలా నానమ్మ దగ్గర పెరిగిన పిల్లనే. ఒక ఏడు మా నాన్న, అమ్మ పని చేసి అడ్వాన్సు మొత్తం తీర్చి ఇంటికొచ్చారు. నానమ్మ బొబ్బట్లు చేసింది. ఇక పోయేది లేదు, ఉన్న ఎకరంలోనే ఆముదాలు వేసుకుంటాం అన్నారు. నెల తిరక్కముందే మేస్త్రీ వచ్చాడు. గడప దాటి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఇంకా బాకీ ఉందన్నాడు. మా నాన్నకు చదువు రాదు. నేను అప్పుడు మూడో తరగతి. ఆ పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నాడు నాన్న. అంకెలు చదివాను కానీ లెక్క అర్థం కాలేదు. వాళ్ళు మళ్ళీ వెళ్ళారు.

ఈ మాట నేను క్లాసులో చెప్పలేదు. ఇవాళ మీకు ఎందుకో చెప్పేశాను. సరే, ముందుకు పోదాం.

ఈసారి ఆట ఆడేవాళ్ళు పిల్లలు కాదు. ముసలివాళ్ళు, తాగుబోతులు, మత్తుకు అలవాటుపడ్డవాళ్ళు, ఎప్పుడో గెలిచి ఆ గెలుపు నుంచి కోలుకోనివాళ్ళు. మ్యాగ్స్ అని 80 ఏళ్ళ అవ్వ ఉంది. ఒక పిల్ల బదులు తానే ముందుకొచ్చింది. విషపు పొగమంచు కమ్ముకున్నప్పుడు, తనను మోసేవాళ్ళు తక్కువయ్యారని చూసి, తన జిల్లా విజేత ఫిన్నిక్ పెదవి మీద ముద్దు పెట్టి, తానే ఆ పొగలోకి నడిచిపోతుంది. రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. రచయిత్రి అక్కడ ఏడుపు పెట్టలేదు. ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు.

ఆట జరిగే చోటు కూడా చెప్పాలి, ముఖ్యంగా నల్లగొండవాళ్ళకు. నడుమ చెరువంత నీళ్ళు, చుట్టూ అడవి. ఆ నీళ్ళు ఉప్పు. తాగడానికి చుక్క లేదు. కళ్ళెదుట నీళ్ళు ఉండి కూడా తాగలేకపోవడం అంటే ఏమిటో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తెల్లగానే కనబడేవి కదా. అప్పుడు పైనుంచి గొడుగు కట్టుకొని ఒక బహుమతి దిగుతుంది. చిన్న ఇనుప గొట్టం. ఎవరికీ అర్థం కాదు. కొంతసేపటికి కాట్నిస్‌కు వాళ్ళ నాన్న గుర్తొస్తాడు. చెట్టుకు తొలిచి ఈ గొట్టం దిగ్గొడితే లోపలి నీళ్ళు కారతాయి. నేను ఇంకా గొట్టం దగ్గరే ఆగి, ఏమై ఉంటుందో చెప్పండి అని అడిగితే, వెనక బెంచీలోంచి కల్లు గీసే గౌడ్ల ఇంటి పిల్లవాడు ఒకడు, "చెట్టుకు పెట్టాలె మేడం, లొట్టి కట్టినట్టు" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు) నిజంగా! పుస్తకంలో అంతమంది విజేతలు తల పట్టుకున్నది వాడు అర నిమిషంలో చెప్పాడు.

ఆ అడవి నిజానికి ఒక గడియారం. పన్నెండు ముక్కలు. గంటకో ముక్కలో ఒక ఆపద లేస్తుంది. నెత్తురు వాన, పొగ, కోతులు, అల. ఈ సంగతి కనిపెట్టింది వైరెస్ అనే ఆవిడ. అందరూ ఆమెను పిచ్చిది అనుకుంటారు. టిక్ టాక్, టిక్ టాక్ అని గొణుగుతూ ఉంటుంది. ఆమె చెబుతున్నది లెక్క అని అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు సంఘం దగ్గరికి వస్తాను. ఆట చివరికి వచ్చేసరికి బహుమతిగా రొట్టెలు వస్తాయి. కాట్నిస్ వాటిని తింటుంది, ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, పంచుకుంటారు, అంతే. మనమూ అంతే చదువుతాం. మొత్తం అయిపోయాక, ఆమె బాణం వేసి, ఆ చోటు మీద ఆకాశంలా కప్పిన కనబడని కవచాన్నే పగలగొట్టాక, ఆమెను ఎత్తుకుపోయిన విమానంలో అసలు సంగతి తెలుస్తుంది. రొట్టెలు మూడో జిల్లావి, అంటే మూడో రోజు. ఇరవై నాలుగు రొట్టెలు, అంటే ఇరవై నాలుగో గంట. తప్పించే సమయం అది. ఆటను నడిపే పెద్ద అధికారి ప్లూటార్క్, ఆమె గురువు హేమిచ్, పక్కన నిలబడి పోరాడిన సగం మంది విజేతలు, అందరూ కుట్రలో ఉన్నారు. కుట్ర అంతా ఆమెను బతికించడానికే. ఆమెకూ పీటాకూ ఎవరూ చెప్పలేదు. పీటా మాత్రం క్యాపిటల్ చేతికి చిక్కాడు.

అంటే సంఘం మొదటి నుంచీ ఉంది. పుస్తకం మొత్తం కాట్నిస్ నోటితో చెప్పిన కథ కాబట్టి ఆమెకు కనబడనిది మనకూ కనబడలేదు. విసుగుపడ్డ నేనే తిరిగి చదివాను, రొట్టెలు వచ్చిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ. ఒక రచనగా చూస్తే ఇది గొప్ప ఎత్తు. కానీ నాకు ఒక ఫిర్యాదు ఉంది. అంత పెద్ద సంగతిని చివరి కొన్ని పేజీల్లో గబగబా హేమిచ్, ప్లూటార్క్ నోళ్ళతో చెప్పించేసింది రచయిత్రి. మొదటి సగంలో గేల్‌నా, పీటానా అని తేల్చుకోలేని పేజీలు కొన్ని తగ్గించి ఇక్కడ పెట్టి ఉంటే బాగుండేది. పిల్లలు మాత్రం ఆ పేజీలే ముందు చదువుతారని నాకు తెలుసు. నవ్వకండి అమ్మా, మీరే.

తన వాళ్ళే తనకు చెప్పలేదని తెలిసినప్పుడు కాట్నిస్ హేమిచ్ మొహాన్ని గోళ్ళతో రక్కేస్తుంది. ఈ రక్కడం నాకు ఇష్టం. శత్రువు ఆమెను ఆటబొమ్మ చేశాడు, మిత్రులు ఆమెను జెండా చేశారు. జెండాను ఎవరూ అడగరు. మొదటి నవలలో ఆమె ప్రాణం ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా తెలుసు. మూడో నవల 2010లో వచ్చింది, అందులో యుద్ధమే జరుగుతుంది. ఈ రెండింటి నడుమ, తన మొహం తనది కాకుండా పోయిన పిల్ల కథ ఇది. మొదటిది వదిలేసి రెండోదెందుకు అని అడిగారు కదా, ఇందుకు.

విచిత్రం చూడండి, ఆ మూడు వేళ్ళ గుర్తు రచయిత్రి చేతిలోంచి కూడా జారిపోయింది. 2014లో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు, బ్యాంకాక్ వీధుల్లో జనం మూడు వేళ్ళు ఎత్తి నిలబడ్డారు. అలా నిలబడ్డవాళ్ళను పోలీసులు పట్టుకుపోయారు. 2021లో మయన్మార్‌లో మళ్ళీ అవే వేళ్ళు. కథలో ముసలాయన ఈలను గుంపు ఎలా అందుకుందో, బయట కూడా అలాగే అందుకున్నారు. థాయ్‌లాండ్ సంగతికి ముందు ఏడాది, 2013లో ఈ నవల సినిమాగా వచ్చింది, దానివల్లే ఎక్కువమందికి చేరి ఉంటుంది. మీరు సినిమా చూశామని పుస్తకం మానేయకండి. సినిమాలో రొట్టెల లెక్క పట్టుకోలేరు.

చివరి పేజీ చెబుతానన్నాను. విమానంలో మంచం మీద ఉన్న కాట్నిస్ దగ్గరికి గేల్ వస్తాడు. మీ అమ్మను, చెల్లిని బయటికి తెచ్చాను అంటాడు. బాంబులు వేశారంటాడు. పన్నెండో జిల్లా ఇక లేదు అంటాడు. పుస్తకం అక్కడ ఆగిపోతుంది.

మా క్లాసులో అది చెప్పిన రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. మొదటి బెంచీలో ఒక అమ్మాయి ఉంది. బడి అయ్యాక వాళ్ళ మేకలను తోలుకొచ్చేది తనే. కథ మొదట్లో కాట్నిస్ చెల్లెలు ప్రిమ్‌కు ఒక మేక ఉందని, అక్క కొనిచ్చిందని చెప్పాను. నేను అది మర్చిపోయాను, ఆ అమ్మాయి మర్చిపోలేదు. "అమ్మను, చెల్లెను తెచ్చిండు సరే మేడం, మరి మేకనో?" అని అడిగింది.

చాక్‌పీసు డబ్బాలో పెట్టి, మూడో భాగం తెచ్చాక చూద్దాం అన్నాను.